ఆఫీసుకూ అదే... ఊరికీ అదే!

వారమంతా పురసవాక్కం ట్రాఫిక్‌లో, ఆదివారం నెల్లూరు హైవే మీద... ఒకే బండి రెండు పనులూ చేయాలంటే దేన్ని మార్చుకోవాలి? దేని జోలికి పోకూడదు?

తెల్లవారుజాము నాలుగున్నర. పురసవాక్కం హైరోడ్డులో బట్టల కొట్ల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. పండగ రోజుల్లో మనిషిని మనిషి ఒరుసుకుంటూ నడిచే ఈ రోడ్డు మీద ఇప్పుడు పాల వ్యాన్లూ, గంగాధరేశ్వరుడి గుడి వైపు నడిచే ఒకరిద్దరు పెద్దవాళ్లూ తప్ప ఎవరూ లేరు. వీధి చివర ఒక మోటారు సైకిలు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. వెనక పెట్టెలో రెండు జతల బట్టలు, వాన కోటు, పెద్దమ్మకు ఇమ్మని అమ్మ కట్టిచ్చిన మురుకుల డబ్బా. నిన్న సాయంత్రం ఇదే బండి గిండీలోని ఆఫీసు నుంచి ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగుతూ ఇల్లు చేరింది. ఇంకో మూడున్నర గంటల్లో నెల్లూరు చేరుతుంది.

ఆ బండి నాది. మద్రాసు తెలుగువాళ్లలో చాలామందికి నాలాగే రెండు చిరునామాలుంటాయి. ఒకటి పురసవాక్కమో, పెరంబూరో, టీనగరో. రెండోది నెల్లూరు, గూడూరు, తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఏదో ఒక ఊరు. మా తాతల కాలంలో ఈ రెంటినీ రైలు కలిపింది. ఇప్పుడు చాలా ఇళ్లలో కుర్రవాళ్ల మోటారు సైకిలు కలుపుతోంది. కారు కొనేంత స్తోమత లేకనో, కొన్నా ఈ సందుల్లో నిలిపే చోటు లేకనో, ఆఫీసుకూ ఊరికీ ఒక్క బండినే నమ్ముకున్నవాళ్లం మేం. అందుకే దాన్ని ఎలా ఎంచుకుంటాం, ఎలా మార్చుకుంటాం అన్నది మాకు సరదా వ్యవహారం కాదు.

రెండు గుణాల బండి

స్పోర్ట్స్ బండి పరుగు కోసం పుట్టింది. హ్యాండిల్ కిందికి ఉంటుంది, ఒళ్లు ట్యాంకు మీదికి వాలుతుంది. గంటసేపు నడిపితే మణికట్లు లాగేస్తాయి. టూరింగ్ బండి మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, సామాను మోసుకుంటూ, రోజంతా ఒకే వేగంతో పోవడానికి పుట్టింది. ఊళ్లో మలుపులు తిప్పడానికి అది బరువు. ఈ రెంటి మధ్యా నిలిచేదే స్పోర్ట్ టూరర్. ఇంజిన్‌లో పికప్ ఉంటుంది, గాలిని చీల్చే ముందు భాగం ఉంటుంది, కూర్చునే తీరు మాత్రం నడుముకు పరీక్ష పెట్టదు.

ఈ తరగతికి దారి వేసిన బండ్లలో 1976లో వచ్చిన బీఎండబ్ల్యూ ఆర్100ఆర్ఎస్ ముఖ్యమైనది. హాన్స్ మూత్ రూపకల్పనలో, గాలి సొరంగంలో పరీక్షించి తీర్చిన పూర్తి ఫెయిరింగ్‌తో వచ్చిన బండి అది. రోజంతా వేగంగా పోయినా ఎదురుగాలి దెబ్బ రైడర్ మీద పడకుండా చేయడమే దాని ఉద్దేశం. విదేశాల్లో స్పోర్ట్ టూరర్ అంటే నేటికీ వెయ్యి సీసీ బండ్లే గుర్తుకొస్తాయి. మన దగ్గర లెక్క వేరు. 2003లో 223 సీసీ హీరో హోండా కరిజ్మా వచ్చినప్పుడే మన కుర్రాళ్లు దాని మీద బ్యాగులు కట్టుకుని దూరాలు పోవడం మొదలుపెట్టారు. 2011లో హోండా సీబీఆర్ 250ఆర్, 2016 డిసెంబరులో బజాజ్ డామినార్ 400, 2017 డిసెంబరులో టీవీఎస్ అపాచీ ఆర్ఆర్ 310, 2019లో సుజుకి జిక్సర్ ఎస్ఎఫ్ 250... ఇలా 250 నుంచి 400 సీసీ మధ్యే మన స్పోర్ట్ టూరింగ్ పెరిగింది. మన రోడ్లకూ జీతాలకూ ఆ కొలత సరిపోయింది.

కొనబోయేవాళ్లు పన్ను సంగతి కూడా చూసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న ద్విచక్ర వాహనాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. అంతకు మించిన వాటి మీద 40 శాతానికి చేరింది. 300 సీసీ తరగతి బండినీ 400 సీసీ తరగతి బండినీ పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు ఈ తేడా చిన్నది కాదు.

మద్రాసు నేల మీద

మోటారు సైకిలు మద్రాసుకు కొత్త కాదు. 1955లో మద్రాసు మోటార్స్, ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డ్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను పెట్టాయి. బుల్లెట్ తయారైంది ఉత్తర మద్రాసులోని తిరువొత్తియూరులో. 2013లో ఒరగడంలో కొత్త కర్మాగారం వచ్చింది. 1953లో పుట్టిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల పాటు పందేలు నడిపింది షోలవరం విమానాల రన్‌వే మీద. మేం నెల్లూరు పోయే దారి ఆ షోలవరం మీదుగానే పోతుంది.

ఇక మెకానిక్‌ల సంగతి. పురసవాక్కం నుంచి ఎగ్మూరు దాటితే పుదుపేట. పాత బండ్లను విప్పి, భాగం భాగంగా అమ్మే సందులవి. కొత్త విడిభాగాలకు మౌంట్ రోడ్డు పక్కన జనరల్ ప్యాటర్స్ రోడ్డు. బండిని మార్చుకోవాలన్న కోరిక పుట్టాలే గానీ, నాలుగైదు కిలోమీటర్ల లోపే అన్నీ దొరుకుతాయి. తొందరపడి డబ్బు తగలేయడానికి కారణం కూడా ఈ దగ్గరతనమే.

నేను బండి కొన్న వారానికే ఒక పెద్ద చిట్టా రాసుకుని మా వీధి మెకానిక్ దగ్గరికి వెళ్లాను. తెలుగువాడే, అరవై దాటిన మనిషి. చిట్టా మొత్తం చదివి మడిచి నా జేబులోనే పెట్టాడు.

“ఏం తగిలించాలో తర్వాత చూద్దాం తమ్ముడూ. ముందు రెండు వేల కిలోమీటర్లు ఉన్నది ఉన్నట్టు నడుపు. ఎక్కడ నొప్పి పుడుతుందో రాసుకో. నొప్పి తెలియకుండా మందేసుకుంటామా?”

ఈ కథనంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ మాటలోనే ఉంది.

సోమవారం పెట్టే పరీక్ష

దూరప్రయాణం కంటే ఊళ్లో తిరుగుడే బండికీ మనిషికీ కఠినం. డౌటన్ కూడలి నుంచి ఈవీఆర్ పెరియార్ రోడ్డెక్కి, గిండీ చేరేసరికి క్లచ్ ఎన్ని వందల సార్లు నొక్కుతామో. మెట్రో రెండో దశ తవ్వకాలతో కొన్నేళ్లుగా మా వైపు దారులు ఇరుకయ్యాయి, ఇనుప రేకుల పక్క నుంచి ఒంటి వరసలో పోవాలి. నడివేసవిలో, మా తమిళ ఇరుగుపొరుగు కత్తిరి వెయిల్ అనే ఆ రోజుల్లో, సిగ్నల్ దగ్గర రేడియేటర్ ఫ్యాన్ వదిలే వేడిగాలి మోకాళ్లను కాల్చేస్తుంది.

నా చీటీలో మొదటి నొప్పులన్నీ ఇక్కడివే. ఎడమ మణికట్టు. నడుము కింది భాగం. ల్యాప్‌టాప్ బ్యాగు మోసిన భుజాలు. వీటికి మందులు అనుకున్నంత ఖరీదైనవి కాలేదు. క్లచ్ కేబుల్‌కు నూనె వేసి, లివర్‌ను చేతి కోణానికి తగ్గట్టు కాస్త కిందికి తిప్పితే మణికట్టు నొప్పి సగం పోయింది. పైసా ఖర్చు లేదు. హ్యాండిల్‌ను అంగుళం లోపే పైకి లేపే రైజర్లు మిగతా సగం తీర్చాయి. రైజర్లు వేసేటప్పుడు హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడాలి. బ్రేక్ గొట్టం గానీ యాక్సిలరేటర్ కేబుల్ గానీ బిగుసుకుంటే ఆ ఎత్తు మన బండికి పనికిరాదు.

సీటు విషయంలో మెత్తన వేరు, సుఖం వేరు. మెత్తటి స్పాంజి పది నిమిషాలు హాయిగా ఉండి, గంట దాటాక అణిగిపోయి ఎముక మీద భారం వేస్తుంది. కాస్త గట్టి ఫోమ్‌తో, తొడల కింద వెడల్పుగా, మనిషి ముందుకు జారకుండా కుట్టించుకుంటే ఐదారు గంటల దారి తేలికవుతుంది. నేను కుట్టించుకున్న సీటు ఆఫీసు దారిలో మామూలుగానే అనిపించింది. దాని విలువ తెలిసింది గూడూరు దాటాకే.

గాలి, బరువు, వెలుగు

ఊరు దాటాక నొప్పులు మారతాయి. వేగం రెట్టింపైతే ఎదురుగాలి ఒత్తిడి నాలుగింతలవుతుంది. 90 మీద గంటసేపు పోయినవాళ్లకు మెడ, ఛాతీ ఆ లెక్క చెబుతాయి. ఎత్తయిన విండ్‌షీల్డ్ అందుకే. అయితే ఎత్తు ఎక్కువైన కొద్దీ మంచిదని కాదు. అద్దం అంచు మీదుగా వచ్చే గాలి భుజాలకు తగలాలి. సరిగ్గా హెల్మెట్‌కు తగిలితే తల ఊగిపోతుంది, చెవులు హోరెత్తుతాయి. అద్దం మీదుగా రోడ్డును చూడగలగాలి. వానలో అద్దంలోంచి చూడాల్సి వస్తే అది మన ఎత్తుకు తగినది కాదు.

సామాను విషయంలో అందరం చేసే తప్పు ఒకటుంది. అంతా వెనక పెట్టెలో కుక్కేయడం. టాప్ బాక్స్ వెనక చక్రం ఇరుసు కంటే వెనకాల, ఎత్తులో ఉంటుంది. అందులో బరువు పెరిగితే ముందు చక్రం తేలికవుతుంది. పక్కగాలి కొట్టినప్పుడు, లారీని దాటేటప్పుడు హ్యాండిల్ వణుకుతుంది. బరువైనవి పక్క బ్యాగుల్లో కింద, రెండు వైపులా సమంగా ఉండాలి. తేలికైనవే పైన. క్యారియర్ మీద ఎంత బరువు పెట్టవచ్చో కంపెనీ ఇచ్చే పుస్తకంలో ఉంటుంది, ఆ అంకె మనం ఊహించేదాని కంటే చాలా తక్కువ. బరువు పెరిగినప్పుడు వెనక షాక్‌అబ్జార్బర్ స్ప్రింగ్‌ను ఒకటి రెండు మెట్లు బిగించాలి, టైరు గాలి అదే పుస్తకం చెప్పినంత పెంచాలి.

పక్క బ్యాగులు కట్టడానికి చాలామంది చీర గార్డు విప్పేస్తారు. అది అలంకారం కాదు. వెనక కూర్చున్నవారి బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రాన్నైనా కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వ నిబంధన చెబుతోంది. పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్ట్ కూడా అందులోనే ఉన్నాయి. మన ఇళ్లలో ఆ సీటు మీద కూర్చునేది అమ్మ, అక్క, భార్య. బ్యాగు కోసం వాళ్ల రక్షణ తీసేయడం తప్పు.

దీపాల దగ్గర నేను దెబ్బ తిన్నాను. హైవే చీకటికి భయపడి అదనపు దీపాలు పెట్టించాను. 55 వాట్ల హాలోజన్‌లు రెండు. అంటే 110 వాట్లు, తొమ్మిది ఆంపియర్ల పైన. రిలే లేదు, విడిగా ఫ్యూజ్ లేదు, ఉన్న తీగకే ముడివేసి ఇచ్చాడు ఒక షాపతను. నాయుడుపేట దాటాక రాత్రి తొమ్మిదింటికి కాలిన వాసన, ఆ వెంటనే హెడ్‌లైటుతో సహా అంతా చీకటి. లారీల వెలుగులో రోడ్డు అంచున బండి నెట్టుకుంటూ ఒక ధాబా చేరాను. మర్నాడు తీగలన్నీ మార్పించాక నేర్చుకున్నది ఇదీ: తక్కువ వాట్ల ఎల్ఈడీలు చాలు. బ్యాటరీ నుంచి నేరుగా తీగ, దానికి సొంత ఫ్యూజ్, రిలే, విడి స్విచ్ తప్పనిసరి. దీపాల ముఖం కిందికి, ఎడమకు తిప్పి పెట్టాలి. ఎదుటివాడి కళ్లు మూసుకుపోతే ఆ ప్రమాదం మన మీదికే వస్తుంది.

కనిపించని ఖర్చే ముందు

క్రాష్ గార్డు, బాక్సు, విండ్‌షీల్డ్ ఫొటోలో కనిపిస్తాయి. టైరు, చైను, బ్రేక్ ప్యాడ్ కనిపించవు. ప్రాణం కాచేది మాత్రం అవే. 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఎదురుగా గేదె కనిపించి, మన చెయ్యి బ్రేకు మీద పడేలోపు ఒకటిన్నర సెకను గడిస్తే 33 మీటర్లు దాటిపోయాం. ఆపై ఆగడమంతా టైరు పట్టు మీదే. 125 సీసీ మించిన బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది, కానీ అరిగిన టైరుకు ఏబీఎస్ పట్టు తెచ్చివ్వలేదు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. ఆ ఏడాది రోడ్డు ప్రమాదాలు ఎక్కువగా జరిగిన రాష్ట్రం తమిళనాడు. ఈ అంకెలు చదివాక నా ఖర్చుల వరస మారిపోయింది. మొదట ముఖమంతా కప్పే ఐఎస్ఐ హెల్మెట్, గ్లవ్స్, మోకాలి రక్షణ ఉన్న ప్యాంటు, చీలమండ కప్పే బూట్లు. తర్వాత టైర్లు, బ్రేకులు. మిగిలితేనే తక్కినవి.

చైనుకు ప్రతి ఐదారు వందల కిలోమీటర్లకూ స్నానం. కిరసనాయిలుతో మురికి తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టి, లూబ్ వేయాలి. పెట్రోలు వాడితే చైనులోని రబ్బరు రింగులు పాడవుతాయి. వానాకాలం మద్రాసు నీళ్లలో ఈదివచ్చిన బండికి ఆ రాత్రే ఈ సేవ చేయాలి.

వీటి జోలికి వద్దు

సైలెన్సర్ మార్చడం, ఇంజిన్ బుర్రలోని ప్రోగ్రాం మార్చడం, ఛాసిస్ కోయడం, మడ్‌గార్డు కోసి నంబరు ప్లేటు వంచడం... వీటిని మార్పులు అనలేం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన నిర్దేశాలకు భిన్నం అయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అంటోంది. శబ్ద కాలుష్యానికి 190వ సెక్షన్ కింద జరిమానా 10,000 రూపాయల దాకా ఉంది.

చట్టం మాట పక్కన పెట్టినా, పురసవాక్కం వంటి చోట గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు మావి. తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరే నేను వీధిలో పసిబిడ్డనూ ముసలివాళ్లనూ లేపి పోవడం ఏం మర్యాద? మంచి టూరింగ్ బండి చడీచప్పుడు లేకుండా వీధి దాటిపోవాలి. కంపెనీయే ఇచ్చే సామగ్రి ఉంటే అదే మొదటి ఎంపిక. 2021లో డామినార్ 400ను పెద్ద విండ్‌షీల్డ్, హ్యాండ్ గార్డులు, లెగ్ గార్డు, ఇంజిన్ కింద రక్షణ పలక, క్యారియర్‌లతో కంపెనీయే బిగించి అమ్మడం మొదలుపెట్టింది.

మా దారులు

పెరంబూరు, మూలకడై, మాధవరం దాటి రెడ్‌హిల్స్ దగ్గర హైవే ఎక్కితే అది 16వ నంబరు జాతీయ రహదారి. పెద్దవాళ్లు ఇంకా జీఎన్‌టీ రోడ్డనే అంటారు. జాతీయ రహదారుల మీద ద్విచక్ర వాహనాలకు టోల్ లేదు. గుమ్మిడిపూండి దాటి తడ చేరేసరికి బోర్డుల మీద మన అక్షరాలు మొదలవుతాయి. ఎన్నిసార్లు పోయినా అక్కడ మనసు తేలికపడుతుంది. సూళ్లూరుపేట దగ్గర కుడికి తిరిగితే పులికాట్ సరస్సు మీదుగా శ్రీహరికోట దారి. చలికాలంలో నీళ్ల మీద రాజహంసల గులాబీ వరసలు కనిపిస్తాయి. కుడికి తిరగకుండా హైవే మీదే ఇంకాస్త ముందుకు పోతే నేలపట్టులో గూడబాతులు. ఈ బయలు ప్రాంతంలో పక్కగాలి గట్టిగా కొడుతుంది. సామాను బరువు సరిగ్గా పంచామో లేదో ఇక్కడ తెలిసిపోతుంది. నెల్లూరు సుమారు 175 కిలోమీటర్లు, ఒంగోలు 300 దాకా. 13 లీటర్ల ట్యాంకు ఉన్న బండి, లీటరుకు 27 ఇస్తే, ఒక్క ట్యాంకుతో ఒంగోలు చేరుస్తుంది.

రెండో దారి తిరుపతిది. ఊత్తుకోట దాటగానే సురుటుపల్లి. శివుడు శయనించి ఉండే గుడి. అక్కడి నుంచి నాగలాపురం, పుత్తూరు, రేణిగుంట. హైవే కంటే ఇరుకే గానీ చెట్లూ కొండలూ తోడొస్తాయి. తిరుమల కొండకు 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వేసిన రెండోది ఎక్కడానికి. రాత్రి వేళ ద్విచక్ర వాహనాలను అనుమతించరు. దిగేటప్పుడు బ్రేకు మీదే భారం వేయకుండా, తక్కువ గేరులో ఇంజిన్ పట్టుతో దిగాలి.

మెకాంగ్ నది దాకా

ఈ తరగతి బండ్లు ఎంత దూరం పోగలవో చూపించింది మన తెలుగు నేల మీది మహిళలే. 2018 ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి జై భారతి, మరో ముగ్గురు మహిళలు డామినార్ 400ల మీద బయలుదేరి మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం చుట్టి వచ్చారు. మనదేశంతో కలిపి 6 దేశాలు, సుమారు 17,000 కిలోమీటర్లు. ఆ నలుగురిలో ఒకరైన పియా బహదూర్ ఆ ప్రయాణాన్ని పుస్తకంగా రాశారు. వాళ్లు వెళ్లింది మన ఆఫీసుల ముందు నిలిచే బండ్లలాంటి వాటి మీదే. ఇంత దూరం పోవడానికి కావలసింది ఖరీదైన యంత్రం కాదు, సిద్ధపాటు.

బయలుదేరే ముందు

• చల్లటి టైర్లలో గాలి కొలవండి. ప్రయాణం మధ్యలో వేడెక్కిన టైరు కొలత తప్పు చూపుతుంది.
• చైను బిగువు, ఇంజిన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ప్యాడ్‌ల మందం చూడండి.
• ముందు, వెనక దీపాలు, ఇండికేటర్లు, హారన్ పరీక్షించండి.
• కొత్తగా బిగించిన ప్రతి నట్టునూ వంద కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగించండి.
• ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్, చిన్న పంపు, అదనపు ఫ్యూజులు, క్లచ్ కేబుల్ వెంట ఉంచుకోండి.
• గంటన్నరకోసారి దిగి, నీళ్లు తాగి, పది నిమిషాలు నడవండి.
• చీకటి పడేలోపు చేరేలా బయలుదేరండి.

ఆ రోజు ఎనిమిది దాటాక నెల్లూరులో పెద్దమ్మ ఇంటి ముందు బండి ఆపాను. మురుకులు విరగలేదు. నా నడుము నొప్పి పెట్టలేదు. సోమవారం పొద్దున తొమ్మిదికి ఇదే బండి మళ్లీ డౌటన్ సిగ్నల్ దగ్గర ఉంటుంది.

కొత్తగా బండి కొన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా మనవి ఒకటే. చిట్టా రాసుకోండి, కానీ రెండు వేల కిలోమీటర్లు నడిపాకే రాసుకోండి. మొదటి రూపాయి హెల్మెట్ మీద, రెండోది టైర్ల మీద పెట్టండి. ఇంట్లో ఎదురుచూసేవాళ్లకు మీ బండి అందం పట్టదు, మీరు క్షేమంగా తిరిగి రావడమే వాళ్లకు కావాలి.